దూరపు కొండలు ఎవరికి నునుపు?

దూరపు కొండలు నునుపు అనే సామెత బడికి వెళ్లిన ప్రతి ఒక్కరికీ తెలుసు. దూరం నుంచి బాగా కనిపించేది దగ్గరికి వెళ్తే అంత బాగుండదని పంతుళ్లు అర్థం చెబుతారు. ఆ అర్థంలో తప్పేమీ లేదు. కానీ ఒక్క సంగతి గమనించాలి. ఈ సామెత పుట్టింది కొండ మీద కాదు. కొండ ఎవరికి దూరమో వాళ్ల నోట పుట్టింది. మన గూడేల్లో పెరిగిన పిల్లకు కొండ దూరంగా ఉన్న రోజంటూ లేదు. ఆమె కాలికి కొండ ఏనాడూ నున్నగా తగల్లేదు. రాయి, ముల్లు, జారుడు, నీటి చెమ్మ, తేనెపట్టున్న చెట్టు, దుంప దొరికే చోటు: ఇవన్నీ కలిసి ఆమెకు కొండ. ఆ కొండను అవతలి ఒడ్డున నిలబడి ఒక చిత్రకారుడు నీలంగా, మెత్తగా, పొగమంచులో తేలుతున్నట్టు గీస్తే, ఆ బొమ్మ నిజమా? నిజమైతే ఎవరి నిజం? ఈ వ్యాసంలో నేను ఆలోచించాలనుకున్నది ఈ ప్రశ్న గురించే.

ఇది బొమ్మలు గీసేవాళ్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్న అనుకోవద్దు. హైదరాబాదు పాతబస్తీ వైపు కంచన్‌బాగ్ అనే ప్రాంతం ఉంది. పేరులో బంగారమూ ఉంది, తోటా ఉంది. ఇప్పుడు అక్కడ కనిపించేవి ఎత్తైన ప్రహరీ గోడలు. ఆ గోడల వెనక రక్షణ పరిశోధన ప్రయోగశాలలు, 1970లో మొదలైన భారత్ డైనమిక్స్, 1973లో మొదలైన మిశ్ర ధాతు నిగమ్ ఉన్నాయి. ఆ పక్కనే ఫిసల్‌బండ అనే పేట ఉంది. ఫిసల్ ఉర్దూ మాట, బండ తెలుగు మాట, రెండూ కలిస్తే జారుడు బండ. ఇంకాస్త ముందుకు పోతే చాంద్రాయణగుట్ట. బండ, గుట్ట అనే మాటలు బస్సు బోర్డుల మీదా దుకాణాల చిరునామాల్లోనూ బతికే ఉన్నాయి. కానీ ఆ దారిన రోజూ వెళ్లేవాళ్లలో ఆ మాటలు పలికేటప్పుడు రాయి గుర్తుకొచ్చేవాళ్లు ఎంతమంది? కొండ పోయి పేరు మిగలడం ఎలా ఉంటుందో చూడాలంటే ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఐటీఐ చదివి పని వెతుక్కుంటూ, పోటీ పరీక్షలకు తయారవుతూ, భవనాల పనుల్లో కూలికి కుదురుతూ మన యువకులు ఇలాంటి పేటలకు వస్తున్నారు. అద్దె గదిలో కిటికీ తెరిస్తే పక్కింటి గోడ కనిపిస్తుంది. అందుకే గదిలోని గోడ మీద ఏ క్యాలెండరు కొండో, సెల్‌ఫోను తెర మీద ఏ మంచు కొండో పెట్టుకుంటారు. అది తమ కొండ కాకపోయినా సరే. దాన్ని వెక్కిరించనక్కర్లేదు. మనిషికి కొండ కావాలి, దొరకనప్పుడు బొమ్మైనా కావాలి. అయితే బొమ్మ కొండను గుర్తు చేస్తుందా, లేక కొండ లేని లోటును మరిపించి ఊరుకోబెడుతుందా? ఈ రెండూ ఒకటి కావు.

ముందు తైలవర్ణ చిత్రంలో కొండ ఎలా తయారవుతుందో చూద్దాం. రంగు పొడిని అవిసె నూనెలాంటి నూనెలో నూరి కాన్వాసు మీద పూస్తారు. నూనె నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి ఒక రంగును పక్క రంగులోకి కలుపుకుంటూ పోవడానికి వీలుంటుంది. దగ్గరి చెట్లను ముదురు రంగుల్లో, గట్టి అంచులతో గీస్తారు. వెనక్కి పోయేకొద్దీ అంచులు కరిగిపోతాయి, రంగు పాలిపోతుంది, చివరి కొండ దాదాపు ఆకాశంలో కలిసిపోతుంది. ఇది చిత్రకారుడు కల్పించింది కాదు. మన కంటికి అలాగే కనిపిస్తుంది. కంటికీ కొండకీ మధ్య ఉన్న గాలి వెలుగులోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడుతుంది, అందుకని దూరపు కొండ నీలంగా ఉంటుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ నీలం కొండలో లేదు. మధ్యనున్న గాలిలో ఉంది. అంటే చిత్రకారుడు ఎంతో నిజాయితీగా గీసిన ఆ నీలం, కొండ రంగు కాదు, దూరం రంగు. కొండ మీద నిలబడినవాడికి అది ఎప్పటికీ కనిపించదు. ఉన్నదున్నట్టు గీసిన బొమ్మలో కొండతో పాటు, గీసినవాడు నిలబడిన చోటు కూడా ఉంటుంది. కొండను పూర్తిగా ఒక్క చూపులో పట్టాలంటే కొండ బయట నిలబడక తప్పదు. అది నేరం కాదు, చూపుకి ఉన్న షరతు. కానీ ఆ షరతును మరిచిపోయి, బయటి నుంచి కనిపించిందే కొండ అనుకుంటే తప్పు అక్కడ మొదలవుతుంది.

మన తెలుగు నేలలో దీనికి మంచి ఉదాహరణ దామెర్ల రామారావు. ఆయన 1897లో రాజమహేంద్రవరంలో పుట్టారు. అక్కడి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ పిల్లవాడి చేతి పనితనాన్ని గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయిలోని జె.జె. కళాశాలలో చదువుకుని తిరిగి వచ్చి, తన ఊళ్లో చిత్రకళా పాఠశాల పెట్టారు. 1925లో మశూచి సోకి, ముప్పై ఏళ్లయినా నిండకుండానే చనిపోయారు. పురాణ కథలు, స్త్రీల జీవితం ఆయన ఎక్కువగా గీశారు. వాటితో పాటు గోదావరినీ, దాని వెనకున్న తూర్పు కనుమలనూ కూడా గీశారు. ఆయన పేరుతో రాజమహేంద్రవరంలో చిత్రశాల ఉంది. ఆంధ్ర చిత్రకళకు ఆయన చేసిన మేలు ఎవరూ కాదనలేనిది.

ఇప్పుడు అవే సంవత్సరాల్లో ఆ కొండల్లో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడండి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు వచ్చాయి. అడవిలో పశువులను మేపుకున్నా, వంటచెరకు తెచ్చుకున్నా నేరమైంది. కొండ దారులు వేయడానికి కోయలనూ కొండదొరలనూ కూలి సరిగా ఇవ్వకుండా పని చేయించారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడి జరిగింది. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద దాడులు జరిగాయి. గాం గంటం దొర, గాం మల్లు దొర లాంటి మన్యం వీరులు ఆ పోరాటానికి వెన్నెముక. 1924 మేలో రాజును చంపేవరకు, ఆ తర్వాత కూడా కొంతకాలం, ఆ కొండల్లో పోలీసు పటాలాలు తిరిగాయి. గోదావరి ఒడ్డున కాన్వాసు మీద కొండ ఆరుతున్న రోజుల్లోనే కొండ లోపల పోరాటం రగిలింది.

అయితే రామారావు బొమ్మ అబద్ధమా? నేను అలా అనను. ఆయన తన కంటికి కనిపించిన వెలుగునూ నీటినీ శ్రద్ధగా గీశారు. ఒక బొమ్మ అన్నీ చెప్పలేదు. చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. ఇంట్లో అమ్మ ఫొటోలో అమ్మ ఆకలి కనిపించదు. అంతమాత్రాన ఆ ఫొటో అబద్ధమైపోదు.

మరి ఎప్పుడు అబద్ధమవుతుంది? ఎవరో ఒకరు ఆ ఫొటోను చూపించి, "చూశారా, ఈవిడకు ఆకలే లేదు" అన్నప్పుడు. బొమ్మలోని మౌనాన్ని సాక్ష్యంగా వాడుకున్నప్పుడు. కొండ బొమ్మలో మనిషి లేడు కాబట్టి కొండ మీద మనిషి లేడు అనే మాట పుట్టినప్పుడు. కుంచె పట్టుకున్నవాడి కంటే ఎక్కువ జాగ్రత్త పడవలసింది బొమ్మను చూపించేవాడూ, చూసేవాడూ.

పాపికొండల సంగతే తీసుకోండి. నది పాయ కొండల మధ్య పాపిడి తీసినట్టు ఉంటుందని ఆ పేరు వచ్చిందంటారు. అదే కొండలను ఇంగ్లీషువాళ్లు అడవి దున్నల పేరుతో బైసన్ హిల్స్ అన్నారు. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద రాసిన పుస్తకానికి ఆ పేరే పెట్టారు. పడవ షికారు ప్రకటనల్లో అవే కొండలు ప్రకృతి ఒడి. అటవీ శాఖ లెక్కల్లో 2008 నుంచి జాతీయ ఉద్యానవనం. పోలవరం జలాశయం లెక్కల్లో పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. ఆ ముంపు కోసమే 2014లో తెలంగాణ వైపున్న ఏడు మండలాలను, కొన్నింటిని పూర్తిగా, కొన్నింటిని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఇన్ని పేర్లూ, ఇన్ని లెక్కలూ ఒకే చోటువి. వీటిలో ఏ ఒక్కటీ పూర్తిగా తప్పు కాదు. కానీ కొండరెడ్డి అవ్వ తన మామిడి చెట్టును ఏ పేరుతో పిలుస్తుందో వీటిలో దేనిలోనూ లేదు. కొత్తల పండగ చేసి, కొండ దేవతకు పెట్టిన తర్వాతే ఆ చెట్టు కాయ నోట్లో పెట్టుకోవాలన్న కట్టుబాటు కూడా లేదు. చెట్టుకు లెక్కగట్టి పరిహారం ఇవ్వవచ్చు. కట్టుబాటుకు ఏ లెక్క గడతారు? చెట్టు మునిగాక ఆ పండగ ఎక్కడ చేసుకోవాలి?

ఇప్పుడు మన నేల దాటి కాస్త దూరం పోదాం. కొండలను తైలవర్ణంలో ఎంతో ఇష్టంగా గీసే దేశం మంగోలియా. పశువులను తోలుకుంటూ, గుడారాల్లో కాపురం చేస్తూ, కొండలను దైవాలుగా కొలిచే జనం వాళ్లు. కనుమల మీద రాళ్లు పేర్చి ఒవో అనే గుట్టలు కడతారు. దారిన పోయేవాడు ఆగి, మూడు చుట్లు తిరిగి, ఒక రాయి వేసి పోతాడు. పూజలందుకునే కొండ ఎదుట ఉన్నప్పుడు దాని అసలు పేరు పలకరు. ఖైర్ఖాన్ అంటారు, దయగల పెద్ద అన్నట్టు. రాత్రిపూట పాము అనకుండా పురుగు అనే మన పెద్దలను చూసినవాళ్లకు ఇది వింతగా తోచదు. పేరు పలకడం అంటే పట్టుకోవడం. గౌరవించేదాన్ని పట్టుకోకూడదు.

ఆ దేశంలో నూనె రంగులు పాతవి కావు. పూర్వం వాళ్లు నూలు గుడ్డ మీద ఖనిజ రంగులతో గీసేవారు. శరవ్ (1869–1939) అనే చిత్రకారుడు గీసిన మంగోలియాలో ఒక రోజు అనే ప్రసిద్ధ చిత్రంలో కొండల వాలుల నిండా మనుషులే. పుట్టుక, పెళ్లి, చావు, పాలు పితకడం, గుర్రాలను పట్టడం, కొట్లాట, అన్నీ ఒకే గుడ్డ మీద. ఒక్క చోట నిలబడి చూసిన దృశ్యం కాదది. ఊరంతా తిరిగినవాడి చూపు. 1921 విప్లవం తర్వాత మంగోలియా యువకులు సోవియట్ దేశానికి వెళ్లి తైలవర్ణం నేర్చుకున్నారు. మాస్కోలోని సూరికోవ్ సంస్థలో చదివిన త్సుల్తెం వాళ్లలో పేరున్నవాడు. ఆ విధంగా ఉన్నదున్నట్టు గీసే పద్ధతి, నీలి దూరాలు, మంచు శిఖరాల మీది ఎండ అన్నీ వాళ్ల చిత్రాల్లోకి వచ్చాయి.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ కాలంలోనే, ముఖ్యంగా 1930లలో, కొండ పూజలను ప్రభుత్వం అణచివేసింది. మఠాలు కూల్చారు, లామాలను చంపారు. కొండకు మొక్కడం మూఢనమ్మకం. కానీ కొండను గీయడం మాత్రం కళ, దేశభక్తి. మొక్కు నిషేధించిన చోట కుంచె మిగిలింది. 1990 తర్వాత పరిస్థితి మారింది. 1995లో దేశాధ్యక్షుడి ఉత్తర్వుతో కొన్ని పవిత్ర పర్వతాలకు రాజ్యం తరఫున పూజలు మళ్లీ మొదలయ్యాయి. బుర్ఖాన్ ఖల్దూన్ పర్వతాన్ని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దీని నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. తైలవర్ణం పరాయి పద్ధతి కాబట్టి అది పరాయి చూపే చూస్తుందని అనుకోనక్కర్లేదు. గుర్రం మీద పెరిగిన పిల్లవాడు మాస్కోలో నేర్చుకున్న పద్ధతిలోనే తన కొండను గీయగలడు. పనిముట్టుకు జాతి లేదు. గొడ్డలి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పని చేస్తుంది. పైగా పూజ ఆగిపోయిన రోజుల్లో బొమ్మ ఒక తరానికి కొండతో సంబంధాన్ని కాస్తయినా నిలిపి ఉండవచ్చు. కానీ బొమ్మ ఎంత గొప్పదైనా మొక్కుకు బదులు కాలేదు. కాబట్టే వీలు చిక్కగానే జనం రాళ్లు పట్టుకుని కనుమల దగ్గరికి వెళ్లారు.

మన దగ్గర కూడా వేరే రకం బొమ్మలున్నాయి. సవరల ఇళ్ల గోడల మీది బొమ్మలు చూసినవాళ్లకు తెలుసు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో చిన్న చిన్న మనుషులు, జంతువులు, చెట్లు, సూర్యచంద్రులు. దూరమూ దగ్గరా లేదు, నీలమూ లేదు, ఆకాశం అంచు అసలే లేదు. జబ్బు చేసినప్పుడో, పంట వచ్చినప్పుడో, చనిపోయిన పెద్దల కోసమో, దేవుళ్లు వచ్చి కూర్చోవడానికి ఒక ఇల్లు కట్టినట్టు ఆ బొమ్మ వేస్తారు. అది చూడటానికి వేసిన బొమ్మ కాదు, పిలవడానికి వేసిన బొమ్మ. కోయ డోలీలు పడిగె గుడ్డ విప్పి వంశ కథ చెప్పినప్పుడు కూడా అంతే. గుడ్డ మీది బొమ్మ కథలో ఒక భాగం, గోడకు తగిలించే వస్తువు కాదు. ఈ బొమ్మల్లో కొండ ఆకారం సరిగ్గా లేదని ఎవరైనా అంటే, ఆ నీలి కొండలో మనుషులు సరిగ్గా లేరని మనమూ అనవచ్చు. రెండూ రెండు రకాల నిజాలు. ఒకటి కంటికి కనిపించిన నిజం. రెండోది కొండతో మనకున్న సంబంధం లోని నిజం.

ఇంతకీ కంచన్‌బాగ్ గోడల దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే కొండను చూసే మూడో కన్ను అక్కడుంది. మిశ్ర ధాతు నిగమ్‌లో ప్రత్యేక ఉక్కులు, టైటానియం మిశ్రమాలు తయారవుతాయి. దేశానికి విమానాలు, క్షిపణులు, ఉపగ్రహాలు కావాలి. వాటికి లోహం కావాలి. ఏ లోహమైనా భూమిలోంచే రావాలి, పొలంలో పండదు. భూగర్భ శాస్త్రవేత్త పటంలో కొండ ఒక పొర, ఒక శాతం, ఇన్ని టన్నులు. ఆ పటం కూడా ఉన్నదున్నట్టు గీసిందే. దానిలోనూ అబద్ధం లేదు. దానిలోనూ మనిషి లేడు.

చిత్రకారుడి కొండ, ఖనిజం వెతికేవాడి కొండ, ఆదివాసీ కొండ, ఈ మూడూ నిజమే అయితే నిర్ణయం ఎవరిది? ఈ ప్రశ్నకు మన దేశంలో కోర్టులు కూడా జవాబు వెతికాయి. విశాఖ మన్యంలోని గనుల లీజుల మీద 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ఆదివాసేతర ప్రైవేటు సంస్థలకు గనుల కోసం ఇవ్వకూడదంది. ఒడిశాలోని నియమగిరి మీద బాక్సైటు తవ్వకం విషయంలో 2013 ఏప్రిల్ 18న అదే కోర్టు, కొండ మీద డోంగ్రియా కోంధుల దైవ సంబంధమైన హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది. పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. నియమరాజు ఉండే కొండ అని వాళ్లు చెప్పిన మాట, కోర్టు కాగితాల్లో టన్నుల లెక్క పక్కన సమానంగా కూర్చుంది. అంతవరకు అది ఎవరికీ కనిపించని కొండ.

ఇక్కడ ఎవరైనా న్యాయంగా రెండు ప్రశ్నలు అడగవచ్చు. మొదటిది: లోహం వద్దంటారా, మీ పిల్లలే ఆ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు కోరుకుంటున్నారు కదా? కోరుకుంటున్నారు, కోరుకోవాలి కూడా. ఆదివాసీ బిడ్డ లోహాన్ని కరిగించడం నేర్చుకోవడంలో చిన్నతనం లేదు. పూర్వం మన కొండల్లోనే ఇనుము తీసి పనిముట్లు చేసుకున్నవాళ్లున్నారు. వివాదం లోహం గురించి కాదు. అడగకుండా తీసుకోవడం గురించి. తేనె తీసేవాడు కూడా పట్టు మొత్తం పిండడు, మళ్లీ ఏడు కోసం కొంత వదులుతాడు. చెట్టుకు మొక్కి ఎక్కుతాడు. అడిగి, కొంత వదిలి తీసుకోవడం అనే నీతి మన దగ్గర ముందే ఉంది. ఫ్యాక్టరీలో పనిచేసే మన యువకుడు ఆ నీతిని గేటు దగ్గర వదిలిపెట్టి లోపలికి వెళ్లనక్కర్లేదు.

రెండో ప్రశ్న ఇంకా గట్టిది. కొండ పవిత్రం, కొండ అందం అని రాసేవాళ్లు రాత్రివేళ నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో మోసుకుంటూ వాగు దాటారా? నిజమే. అల్లూరి జిల్లాలోనూ, ఇంకా ఎన్నో చోట్ల, రోడ్డు లేక కర్రకు దుప్పటి కట్టి మనిషిని మోసే రోజులు ఇంకా పోలేదు. ఆ దారిలో కొండ అందంగా ఉండదు. బురదగా, నిటారుగా, చాలా పొడుగ్గా ఉంటుంది. కొండను దైవం అంటూ మనమే దాన్ని నున్నగా గీసేసి, డోలీని బొమ్మలోంచి తీసేస్తే, బయటివాళ్ల కంటే మనం చేసింది మెరుగేమీ కాదు. మనవాడు గీసినంత మాత్రాన బొమ్మ నిజం కాదు. లోపలివాడికి కూడా తనకు నచ్చని దాన్ని చూడకుండా ఉండే అలవాటు ఉంటుంది. సారా, బాలింత మరణాలు, చదువు మానేసిన పిల్లలు, అప్పులు: ఇవి కూడా కొండ మీదే ఉన్నాయి.

కాబట్టి నాకు తోచిన కొలత ఇది. ఒక బొమ్మ, ఒక కథ, ఒక పటం, ఒక ప్రభుత్వ నివేదిక, ఏదైనా సరే, కొండను చూపించినప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి. గీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు? ఏది వదిలేశాడు? ఆ వదిలేసినదాన్ని చూసుకుని ఎవరు ఏం తీసుకోబోతున్నారు? మొదటి రెండు ప్రశ్నలు గీసినవాడి గురించి. మూడోది మన అందరి బాధ్యత. రామారావు కొండకు ఈ మూడు ప్రశ్నలూ వేస్తే ఆయన గౌరవం తగ్గదు. ఆయన బొమ్మ పక్కన రంప పోరాటాన్ని నిలబెట్టి చూడటం నేర్చుకుంటే, రెండూ మునుపటికంటే బాగా అర్థమవుతాయి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మీ తరగతిలో పిల్లలను కొండ గీయమనండి. మైదానంలోనైనా, ఏజెన్సీలోనైనా చాలామంది గీసేది ఒకటే. పక్కపక్కనే రెండు ముక్కోణాలు, మధ్యలోంచి ఉదయిస్తున్న సూర్యుడు, కిందికి దిగే నది, ఒక గుడిసె, ఒక కొబ్బరి చెట్టు. కిటికీలోంచి చూస్తే కొండ కనిపించే బడిలో కూడా పిల్లలు కిటికీ వైపు తిరగకుండా అదే గీస్తారు. మన్యం గూడెంలో కొబ్బరి చెట్టు ఎక్కడిది? ఆ బొమ్మ ఎవరి కొండదీ కాదు. పుస్తకంలోంచి, ముందు తరగతి పిల్లల్లోంచి, అలవాటులోంచి వచ్చింది. ఎదురుగా ఉన్న కొండను చూడకుండా కొండ గీయడం ఆ పిల్లలకు ఎవరు నేర్పారు? తెలియకుండా మనమే నేర్పాం.

పలకలు పక్కన పెట్టి ఇలా అడగండి. మీ కొండ పేరేమిటి? మీ అవ్వ దాన్ని ఏమంటుంది? నీళ్లు ఎక్కడ ఊరతాయి? ఏ వైపు పోడు చేశారు, ఏ వైపు చెయ్యకూడదు, ఎందుకు? పెద్దల రాళ్లు ఎక్కడ పాతారు? డోలీ ఏ దారిన దిగుతుంది? ఈ జవాబులన్నీ వచ్చాక మళ్లీ గీయమనండి. బొమ్మ వంకర టింకరగా రావచ్చు. కొందరు కొండను పైనుంచి, కొందరు లోపలి నుంచి గీస్తారు. ఒకరు కొండ కంటే మేనమామను పెద్దగా గీస్తారు. దిద్దవద్దు. ఆ తర్వాత ఇష్టమున్న పిల్లలకు దూరం ఎలా చూపించాలో, నీలం ఎందుకు వస్తుందో కూడా నేర్పండి. హైదరాబాదులోనూ విశాఖలోనూ లలిత కళల చదువులున్నాయి. వాటిలో మన పిల్లలు చేరాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపావాళ్ల తైలవర్ణ చిత్రాల ముందు నిలబడి, వీళ్లు వెలుగును ఎలా పట్టుకున్నారో అని ఆశ్చర్యపోవాలి. వెలుగును పట్టుకోవడం నేర్చుకున్న చెయ్యి, అవ్వ చెప్పిన పేర్లను మరిచిపోకుండా ఉంటే చాలు.

నగరంలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీ గోడ మీది కొండను తీసేయమని ఎవరూ చెప్పరు. ఏ మంగోలియా చిత్రకారుడిదైనా, ఏ హిమాలయానిదైనా, బాగున్న బొమ్మ బాగున్నట్టే. దాని పక్కన మీ కొండకూ కాస్త చోటు ఇవ్వండి. మీకు బొమ్మ రాకపోతే పేర్లు రాయండి. వాగు పేరు, బండ పేరు, చెట్టు పేరు, దేవత పేరు, ఆ పేరు వెనక కథ. ఫోన్‌లో అమ్మమ్మ గొంతుతోనే చెప్పించి దాచుకోండి. ఫిసల్‌బండలో పేరు మిగిలి బండ మరుగున పడింది. మన దగ్గర కొండ ఇంకా ఉంది, పేర్లే జారిపోతున్నాయి. పేర్లు పోయిన కొండను ఖాళీ కొండ అని కాగితం మీద రాయడం ఎవరికైనా సులువు. గ్రామసభలో లేచి నిలబడి, అది ఖాళీ కాదు అని చెప్పడానికి మనకు ఆ పేర్లే కావాలి.